ఒకే బల్ల మీద మూడు ఊళ్ల సిపాయిలు

మ్యూజియంలకు నమూనాలు చేసే పనిలో కొత్తగా చేరినవాళ్లు అప్పుడప్పుడు జగదల్‌పూర్‌లో మా ఇంటికి వస్తుంటారు. టీ తాగుతూ బీరువా మీదున్న రెండు సిపాయి బొమ్మలకేసి చూస్తారు. ఒకటి సన్నగా, పొడుగ్గా ఉన్న తెల్లలోహం బొమ్మ. రెండోది పెద్ద కళ్ల ఇత్తడి బొమ్మ. కాసేపటికి అసలు ప్రశ్న అడుగుతారు. వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు చేతుల్లో తయారైన బొమ్మలను ఒకే సైన్యంలో నిలబెట్టవచ్చా అని.

నిలబెట్టవచ్చు. నేను నిలబెట్టాను. ఆ గొడవలో ఒక మనిషి ఉద్యోగం పోయినంత పనైంది. ప్రమోషన్ల గురించి, యూనియన్ ఎన్నికల గురించి రాయడానికి నా తోటివాళ్లు చాలామంది ఉన్నారు. నేను ఆ సైన్యం గురించి చెబుతాను. నాకు తెలిసిన పనంతా అందులోనే ఉంది.

నమూనాల గది

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి కిరండూల్ లైను మీద గ్యాంగ్‌మన్‌గా వచ్చాడు. కొండ మీది ఇనుప ఖనిజం రైలెక్కి విశాఖపట్నం రేవుకు దిగుతున్న కాలం అది. నేను పదో తరగతితో ఆపి గని వర్క్‌షాపులో వడ్రంగిగా చేరాను. కొండ ఎక్కలేని అతిథులకు కొండను కిందే చూపించాలని టౌన్‌షిప్‌లో ఒక గది తెరిచినప్పుడు నన్ను అందులో వేశారు. ప్లైవుడ్ కొండ, రేకు కన్వేయరు, అగ్గిపెట్టెంత డంపర్లు. అదీ నా సామ్రాజ్యం.

మిగతా చదువంతా టౌన్‌షిప్ లైబ్రరీలో సాగింది. హిందీ పుస్తకాలు గోడంతా ఉండేవి, తెలుగువి ఒక్క బీరువా. ఆ బీరువా పూర్తయ్యాక, ఒళ్లో నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషు బీరువా తెరిచాను. నాటకాల రంగాలంకరణ, కోటల నిర్మాణం, గుర్రాల జాతులు, ఏది దొరికితే అది చదివాను. చదివినదాన్ని చూపించుకునే అలవాటు కూడా నాకుంది. అందుకు సిగ్గుపడను. పుస్తకం అప్పనంగా రాలేదు, షిఫ్టు అయ్యాక నడిచి వెళ్లి తెచ్చుకున్నాను.

ఆ గదికి రంగులు వేయడానికి ముత్తయ్య వచ్చాడు. కోంటా అవతల మరైగూడ వాడు. గని దారుల్లో ప్రమాద హెచ్చరికల బోర్డులు రాసే రోజుకూలీ. మొదటి రోజే నా పక్కన బక్కెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు.

"ఏ ఊరు సారూ మీది?"

"శ్రీకాకుళం పక్క."

"ఏంది, తెలుగోళ్లేనా! ఐతే నాకేం వరసైతరు?"

"ఏటి వరస? నువ్వెక్కడ, నేనెక్కడ? మనకేటి సుట్టరికం?"

"లేకుంటె కలుపుకోవాలె. పొద్దంత పక్కన కూసుని ఏమని పిలుసుడు? అన్న అందామంటె నాకంటె సిన్నగున్నవు. మామ అంటె నువ్వు పిల్లనియ్యాలె." కాసేపు నన్ను ఎగాదిగా చూశాడు. "బావ అంట. బావ అంటె తిట్టినా నడుస్తది."

అప్పటి నుంచి నేను బావనే. అతను నన్ను తిట్టాడు కూడా, చాలాసార్లు.

తివారీ సాబ్ ఆదివారాలు

మా మొదటి అధికారి తివారీ సాబ్‌కు బల్ల మీద యుద్ధం ఆడే అలవాటు. పిల్లల ఆట అనుకోకండి. పాత చరిత్రలోని ఏదో యుద్ధాన్ని తీసుకుని, రెండు వైపులా వేలెడంత సిపాయిలను నిలబెట్టి, ఎవరు ఎంత దూరం నడవాలో స్కేలుతో కొలిచి, ఎవరు పడిపోయారో పాచికలు వేసి తేలుస్తారు. ఆదివారాలు మా గదిలోని పెద్ద బల్ల ఖాళీగా ఉండేది. ఎదుటి సైన్యానికి సేనాపతిగా ఎవరూ దొరక్క నన్ను కూర్చోబెట్టేవాడు.

ఆయన సిపాయిలు ఒక్క చోట కొన్నవి కావు. కొన్ని విదేశాల నుంచి తెప్పించిన సీసం బొమ్మలు, కొన్ని బొంబాయివి, కొన్ని కలకత్తావి. ఒకే పటాలంలో ఒకడి తల నిమ్మకాయంత, ఇంకొకడి తల శనగగింజంత.

"సాబ్, ఈ గుర్రం మీద ఈ మనిషి సర్కసు ఎలుగుబంటిలా ఉన్నాడు" అన్నానొకసారి హిందీలో.

"మూడడుగులు వెనక్కి వెళ్లి చూడు."

వెళ్లాను.

"ఇప్పుడు?"

"ఇప్పుడూ ఎలుగుబంటే సాబ్."

ఆయన పగలబడి నవ్వి, ఆ మనిషిని గుర్రం మీంచి దింపేశాడు. కానీ ఆయన మాట చాలావరకు నిజం. వంగి చూస్తే నాలుగు దుకాణాలు కనిపిస్తాయి, నిలబడి చూస్తే ఒక సైన్యం కనిపిస్తుంది. చూడ్డానికి వచ్చేవాళ్లు నిలబడే చూస్తారు. మనిషీ అతని గుర్రమూ మాత్రం ఒకే చేతి పని అయితీరాలి. అక్కడ తేడా వస్తే ఎంత దూరం వెళ్లినా పోదు.

ఇంకో సంగతి కూడా ఆ ఆటలోనే నేర్చుకున్నాను. ఒక సిపాయి శత్రువును చూడగలడా లేదా అని తగువు వస్తే, బల్ల అంచుకు గడ్డం ఆనించి, ఆ సిపాయి కంటి ఎత్తు నుంచి చూడాలి. బొమ్మ ఎత్తు అంటే తలపాగా ఎత్తు కాదు సుమా, అరికాలి నుంచి కన్ను దాకా. తలపాగాలు ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు చేస్తారు. రెండు బొమ్మల కళ్లు ఒక ఎత్తులో ఉంటే మిగతా తేడాలు చాలావరకు సర్దుకుంటాయి.

ఓరుగల్లు సైన్యం

తివారీ సాబ్ రిటైరయ్యాక సక్సేనా సాబ్ వచ్చాడు. ఆటలు బంద్. ఆయనను తప్పుపట్టను. బల్ల గుడ్డ ముడతలు పడి ఉన్నా ఓర్చుకోలేని మనిషి, కానీ మేం కష్టపడి చేసిన పనిని తనదిగా ఎన్నడూ చెప్పుకోలేదు. అలాంటి అధికారులు ఎక్కువమంది ఉండరు.

టౌన్‌షిప్‌లో కొత్త ప్రదర్శనశాల కడుతున్నారు. అందులో గని ఒక వైపు, బస్తర్ చరిత్ర ఒక వైపు. చరిత్ర వైపు నడిమధ్యన పెద్ద బల్ల మీద, ఓరుగల్లు నుంచి వచ్చి బస్తర్‌ను ఏలిన రాజు భోపాల్‌పట్నం దగ్గర సేనతో నది దాటుతున్న దృశ్యం పెట్టాలని నిర్ణయం. మూడంగుళాల సిపాయిలు, రెండొందల దాకా.

ఆ పనితో ముత్తయ్య బతుకు ముడిపడి ఉంది. ఏళ్లుగా రోజుకూలీ. గదికి ఒక పర్మినెంట్ పెయింటర్ పోస్టు వచ్చింది, సైన్యం బాగా కుదిరితే ప్రారంభోత్సవం నాటికి ముత్తయ్య కాగితం మీద సంతకం పెడతానని సక్సేనా సాబ్ నోటితో చెప్పాడు. లేకపోతే ఆ పోస్టులో బయటివాడు వస్తాడు, ముత్తయ్య మరైగూడకు తిరిగి వెళ్లి ఎండాకాలం తునికాకు ఏరుకోవాలి.

"పర్మినెంటైతె ఏం చేస్తవు ముత్తయ్యా?" అని అతని యాసలోనే అడిగితే, "మా ఇంటిదాన్ని తెచ్చుకుంట. ఆమె రెండు నెలలకోసారి నన్ను చూసి ఎవరీయన అన్నట్టు చూస్తాంది" అన్నాడు.

సిపాయిలను కలకత్తాలోని ఒక చిన్న కార్ఖానాకు చెప్పాం. తెల్లలోహంతో పోసిన సగం సైన్యం వచ్చింది, ఆ తర్వాత కార్ఖానా మూతపడింది. ఇక తలా ఒక దారి వెతకాల్సి వచ్చింది. ఏటికొప్పాక లక్కబొమ్మల వాళ్లు మా అమ్మ పుట్టింటి దగ్గరివాళ్లే కాబట్టి సామాను మోసేవాళ్లు, గుర్రాలవాళ్లు, పడవలవాళ్ల బొమ్మలు అక్కడి నుంచి రైల్లో వచ్చాయి. మిగిలిన సిపాయిలను కొండగావ్‌లో మైనం పోత ఇత్తడి బొమ్మలు చేసే బుధ్‌రాంకు చెప్పాలని అనుకున్నాం. ముత్తయ్యకు అక్కడివాళ్లు మాట్లాడే హల్బీ వచ్చు కాబట్టి అతన్నే పంపారు.

మూడంగుళాలు

బుధ్‌రాం తనే బస్సెక్కి వచ్చాడు. గడ్డిలో చుట్టిన బొమ్మలు రెండు గోనెసంచుల నిండా. ఒకదాన్ని తీసి కలకత్తా సిపాయి పక్కన నిలబెట్టాడు.

ఇత్తడి సిపాయి తలపాగా రెండోవాడి ఛాతీ దగ్గర ఆగింది.

సక్సేనా సాబ్ స్కేలు పెట్టి కొలిచాడు. బుధ్‌రాం తన చెయ్యి పెట్టి కొలిచాడు, మూడు వేళ్లు పక్కపక్కన అడ్డంగా. "తీన్ అంగుల్" అన్నాడు. "మీ మనిషి ఇదే చెప్పాడు."

అప్పుడు అర్థమైంది. తెలుగులో మనం అంగుళం అంటే ఇంచీ. హిందీలోనూ హల్బీలోనూ ఇంచీని ఇంచ్ అనే అంటారు, అంగుల్ అంటే వేలి వెడల్పు. ముత్తయ్య హల్బీ అంతా సరిగ్గా మాట్లాడి, ఆ ఒక్క మాట దగ్గర తెలుగు మనిషి అయ్యాడు.

"నేను చెప్పింది మూడంగుళాలే బావా" అన్నాడు ముత్తయ్య. "ఆయన చేసింది మూడంగుళాలే. మరి తప్పేడుంది?"

తప్పు ఎక్కడున్నా, మళ్లీ చేయించడానికి వ్యవధి లేదు. మైనం పోతలో ఒక్కో బొమ్మకు ఒక్కో అచ్చు, పగలగొడితేనే బొమ్మ బయటికి వస్తుంది. సక్సేనా సాబ్ నెమ్మదిగానే చెప్పాడు. ఇత్తడి వాపసు పంపండి, ఉన్న సగం సైన్యంతో బల్ల సర్దండి. ఇంచీకీ వేలికీ తేడా చెప్పలేని మనిషి కాగితం మీద నేను సంతకం పెట్టను.

అందుకే చెబుతున్నాను. వేరే ఊరికి ఆర్డరు ఇచ్చేటప్పుడు కొలత పంపకండి. ఒక బొమ్మను పంపండి. అంకె ప్రతి ఊళ్లో వేరే అర్థం చెబుతుంది, బొమ్మ చెప్పదు.

నిఘంటువు, ఆ తర్వాత నాటకశాల

ఆ సాయంత్రం లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీశాను. అంగుళం అంటే మొదటి అర్థం వేలి వెడల్పే. ఇంచీ తర్వాత వచ్చిన చుట్టం. నాకు ఎంత సంబరమైందంటే, మర్నాడు పుస్తకాన్ని చంకన పెట్టుకుని సక్సేనా సాబ్ గదికి వెళ్లాను. చదివి, హిందీలో తర్జుమా చేసి వినిపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"బాగుంది. ఈ డిక్షనరీని బల్ల మీద సిపాయిల పక్కన నిలబెడతావా?"

చేసేది లేక తిరిగొచ్చాను. కానీ పుస్తకాల మీద నమ్మకం పోలేదు. నాటకశాలల పుస్తకంలో, రంగస్థలం వెనక భాగాన చిన్న చెట్లు, చిన్న ఇళ్లు పెడితే అవి దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయని చదివాను. ఇత్తడి సిపాయిలందర్నీ అవతలి గట్టు మీద, కొండ మలుపుల్లో పెట్టాం. గుమ్మంలో నిలబడి చూస్తే నా ఛాతీ ఉప్పొంగింది. సైన్యం కొండల్లోంచి మైళ్ల కొద్దీ దిగి వస్తున్నట్టే ఉంది.

ముత్తయ్య మాత్రం బల్ల చుట్టూ తిరిగి అవతలి వైపు వెళ్లాడు.

"బావా, ఇటు రా."

"ఏటయింది?"

"ఇటుకెల్లి చూడు. ముందట పిల్లలు బడికి పోతాండ్రు, ఎనక వాళ్ల మాస్టర్లు కర్రలు పట్టుకోని వస్తాండ్రు."

నిజమే. నాటకశాలలో జనం ఒక వైపే కూర్చుంటారు. మా బల్ల హాలు మధ్యలో ఉంది. జనం చుట్టూ తిరుగుతారు. పుస్తకం తప్పు చెప్పలేదు, నేను తప్పు బల్లకు వాడాను.

ఎదురుకోలు

మర్నాడు ఇద్దరం బల్ల పక్కనే అన్నం తింటున్నాం. ఇత్తడివాళ్లనూ కలకత్తావాళ్లనూ ఒకడు విడిచి ఒకడు నిలబెడదామా అన్నాను. అప్పుడు తేడా సైన్యమంతటా పరుచుకుని ఎవరికీ పట్టదేమోనని నా ఆలోచన.

"అట్ల పెడితె రంపం పండ్ల లెక్క ఉంటది" అన్నాడు ముత్తయ్య. "ముందుగాల ఎవరికెవరు ఏం వరసైతరో సూడు. బావా బామ్మర్దుల్ని పక్కపక్కన కూసోబెట్టినట్టు మామనీ కోడల్నీ కూసోబెడ్తవా?"

ఆ మాటకు నా చేతిలో ముద్ద ఆగింది. పెళ్లిలో ఎదురుకోలు గుర్తొచ్చింది. మగపెళ్లివారు ఒక వైపు నుంచి మేళాలతో వస్తారు, ఆడపెళ్లివారు పానకం బిందెలతో ఎదురెళ్తారు. అక్కడ ఎవరూ ఇటువాళ్లు పొడుగు, అటువాళ్లు పొట్టి అని లెక్కపెట్టరు. వాళ్లు వేరే ఇంటివాళ్లని అందరికీ తెలుసు. వేరుగా ఉండడమే అక్కడి అందం.

"ముత్తయ్యా, ఇత్తడివాళ్లు రాజుగారి సైన్యం కాదు."

"మరేంది?"

"ఇక్కడివాళ్లు. రాజు నది దాటుతుంటే ఎదురుకోలుకు వచ్చారు. బల్ల పేరు నది దాటడమే, మార్చనక్కర్లేదు."

ముత్తయ్య చెయ్యి కడుక్కోకుండానే లేచాడు.

ఓరుగల్లు వాళ్లందరూ ఒక గట్టు మీద, ఇత్తడివాళ్లందరూ రెండో గట్టు మీద. మధ్యలో నీళ్లు. రెండు చేతి పనులు బాగా దగ్గరికి వచ్చేచోట ఏదైనా అడ్డం పెట్టాలి. నది, పడవ, ఏనుగు, ఏదైనా సరే. తెల్లలోహం సన్నన, ఇత్తడి మోటు, లక్కబొమ్మలు రెంటికీ నడిమి లావు. అందుకని నీటి మధ్య ఇసుకతిన్నె మీద కానుకల బుట్టలతో లక్కబొమ్మలనే పెట్టాం. పెళ్లిళ్లలో రెండు వైపులా చుట్టరికం ఉన్నవాళ్లు మాటామంతీ నడిపినట్టు.

ఇత్తడివాళ్ల గట్టును ఎత్తు చేశాను. ప్రతి సిపాయి పాదాల కింద చెక్కముక్కలు పెట్టి, గడ్డం బల్లకు ఆనించి, ఇటువాడి కన్ను అటువాడి కంటిని చూసేదాకా అరగదీశాను. తివారీ సాబ్ ఆ పూట నా పక్కనే ఉన్నట్టనిపించింది.

ఇక కలిపే పని. బొమ్మలు ఎన్ని ఊళ్లవైనా నేల ఒకటే కావాలి. గని ఎర్రదుమ్మును జిగురులో కలిపి అందరి కాళ్ల కింది పీటలకూ పూశాం. ఆ దుమ్ము మా టౌన్‌షిప్‌లో వెతకాల్సిన పని లేదు, ఉతికిన బనీన్లు దులిపినా రాలుతుంది. బల్లేలన్నీ పీకేసి, ఒక్క చీపురు కట్టలోని పుల్లలతో కొత్తవి చేశాం. ఆయుధం మందం ఒకటైతే చేతుల మందం తేడా సగం మరుగున పడుతుంది. తలపాగాలకు ముత్తయ్య తన హెచ్చరిక బోర్డుల ఎరుపే వేశాడు. ఇత్తడికి రంగు వేయనివ్వలేదు. దాని బదులు ఓరుగల్లు డాళ్ల మీద, గుర్రాల కళ్లేల మీద ఇత్తడి రంగు చుక్కలు పెట్టించాను. ఒక వైపు మెరుపు రెండో వైపు కూడా అక్కడక్కడా కనిపిస్తే కన్ను రెంటినీ తానే కలుపుకుంటుంది.

సక్సేనా సాబ్ ప్రారంభోత్సవం ముందు రోజు వచ్చి చూశాడు. బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఇత్తడి వాపసు పంపమన్నాను కదా అనలేదు. బాగుందనీ అనలేదు. "రేపు పెద్ద సాబ్ ఏమంటాడో చూద్దాం" అని వెళ్లిపోయాడు. ముత్తయ్య ఆ రోజు అన్నం ముట్టలేదు.

పెద్ద సాబ్ ప్రశ్న

గని మొత్తానికి అధికారి పెద్ద సాబ్. రిబ్బను కత్తిరించి, గని నమూనాలను చకచకా దాటుకుని సైన్యం దగ్గర ఆగాడు. ఆయన వెనక సక్సేనా సాబ్, అతని వెనక నేను, గోడకు ఆనుకుని ఇస్త్రీ చొక్కాలో ముత్తయ్య.

పెద్ద సాబ్ నిలబడి చూశాడు. బాగుంది అన్నట్టు తలాడించాడు. తర్వాత మేం భయపడ్డ పని చేశాడు. వంగాడు. బొమ్మల దగ్గరికి ముఖం పెట్టి, ఇటూ అటూ చూశాడు.

"సక్సేనా, ఈ గట్టువాళ్లు వేరే కొలతలో ఉన్నారే. ఎందుకు?"

సక్సేనా సాబ్ నా వైపు చూశాడు. నేను నిఘంటువు దగ్గర మొదలుపెట్టాలా, ఎదురుకోలు దగ్గర మొదలుపెట్టాలా అని తడుముకుంటున్నాను. గోడ దగ్గర నుంచి ముత్తయ్య గొంతు హిందీలో వినిపించింది.

"సాబ్, ఇంచీలవాళ్లు అటు నుంచి వచ్చిండ్రు. అంగుల్‌వాళ్లు ఇక్కడోళ్లు."

పెద్ద సాబ్ వెనక్కి తిరిగి చూశాడు. మళ్లీ వంగి, తన మూడు వేళ్లు అడ్డంగా ఒక ఇత్తడి సిపాయి పక్కన పెట్టి చూసుకున్నాడు. హాలంతా వినబడేలా నవ్వాడు.

"ఎవరితను?"

"పెయింటర్, సర్" అన్నాడు సక్సేనా సాబ్. క్షణం ఆగి, "హమారా ముత్తయ్య" అన్నాడు.

మన ముత్తయ్య. అంతకుముందు ఆయన నోట అతని పేరు కూడా నేను సరిగ్గా వినలేదు. ఆ వారంలోనే కాగితం మీద సంతకం పడింది. దాని గురించి సక్సేనా సాబ్ ఇద్దరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నెల తిరిగేసరికి ముత్తయ్య భార్య ట్రంకు పెట్టెతో బస్సు దిగింది.

బీరువా మీది ఇద్దరు

ఆ తర్వాత చాలా బల్లలు చేశాను. కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. కొత్త సరుకు వచ్చినప్పుడల్లా మా గదిలో "వరస కలిసిందా?" అని అడిగేవాళ్లం. అది మా ఇద్దరి వృత్తి మాట అయింది. నేను నేర్చుకున్న పెద్ద పుస్తకాల మాటలకంటే ఎక్కువ పనికొచ్చింది.

నేను రిటైరైన రోజు, సక్సేనా సాబ్ తర్వాత వచ్చిన అధికారి నాకు మిగులు బొమ్మలు రెండు ఇచ్చాడు. తెల్లలోహం సిపాయి ఒకటి, ఇత్తడి సిపాయి ఒకటి. వాటినే మీరు మా ఇంట్లో చూస్తున్నారు. పాత అలవాటు చొప్పున ఇత్తడివాడి కాళ్ల కింద ఒక అగ్గిపెట్టె పెట్టాను, కళ్లు కలవాలని.

మొన్న ముత్తయ్య వచ్చాడు. అతనూ రిటైరయ్యాడు, కోంటాలో ఇల్లు కట్టుకున్నాడు. చాయ్ తాగి, జేబులు తడుముకుని, బీరువా వైపు చూశాడు.

"అదేంది బావా? ఇంట్ల గూడ వాణ్ని పీటెక్కించినవా?"

"కళ్లు ఒక ఎత్తులో ఉండాలి గదరా."

"ఈడ ఎవలు సూస్తరు?"

ఇత్తడి సిపాయిని జాగ్రత్తగా ఎత్తి, అగ్గిపెట్టె తీసుకుని, వాణ్ని రెండోవాడి పక్కనే, భుజం తగిలేంత దగ్గరగా నిలబెట్టాడు. తర్వాత వరండాలోకి వెళ్లి బీడీ ముట్టించుకున్నాడు. అగ్గిపెట్టె తనతోనే పట్టుకుపోయాడు.